గుడ్లు దాచే కూలింగ్ పెట్టె: వారం వరకూ భేష్, ఆ 21 రోజుల మాట మాత్రం నమ్మకండి

ముందే చెప్పేస్తున్నా, ఇది ఇంక్యుబేటర్ రివ్యూ కాదు. ఇంక్యుబేటర్‌లో పెట్టేదాకా కౌజు గుడ్లను దాచుకోవడానికి నేను కొన్న చిన్న కూలింగ్ పెట్టె గురించి. పేరు రాయడం లేదు, రాసినా లాభం లేదు, ఇదే పెట్టెని నాలుగైదు స్టిక్కర్లు మార్చి అమ్ముతున్నారు. గాజు తలుపు, లోపల మూడు కమ్మీల అరలు, ముందు నీలం అంకెల డిస్‌ప్లే, వెనక అరచేయంత ఫ్యాను, కంప్రెసర్ ఉండదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పొదిగే గుడ్లు 21 రోజులు భద్రం అని ఉంటుంది. ఏడు నెలలుగా వాడుతున్నాను. కొన్నందుకు బాధ లేదు, కానీ ఆ 21 రోజులన్న మాట చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

అసలు ఈ పెట్టె నాకెందుకు అవసరమైందో చెప్పాలి, లేకపోతే మీకు అవసరమో కాదో తేలదు. నా దగ్గర పది పెట్టలు, మూడు మగవి, అన్నీ జపాన్ జాతి కౌజులు. రోజుకి ఏడెనిమిది గుడ్లు వస్తాయి. ఈ పిట్టలు తరతరాలుగా పెంపకంలో ఉండిపోయి పొదగడమే మర్చిపోయాయి, గుడ్డు పెట్టి ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోతాయి, మళ్ళీ దానివైపు చూడవు. కాబట్టి ఇంక్యుబేటరే గతి. నాదాంట్లో 72 గుడ్లు పడతాయి, అది నిండాలంటే తొమ్మిది పది రోజులు ఆగాలి. ఏ రోజు గుడ్లు ఆ రోజే పెట్టేద్దామా అంటే, ఒక్కోటి ఒక్కో రోజు పిల్లవుతుంది. కౌజుకి పట్టేది 17, 18 రోజులు, అందులో చివరి మూడు రోజులు తిప్పడం ఆపేయాలి, తేమ పెంచాలి, మూత తీయకూడదు. ఒక మూల గుడ్లకి తిప్పుడు కావాలి, ఇంకో మూల గుడ్లకి తిప్పకూడదు, ఒకే మెషీన్‌లో ఇది ఎలా కుదురుతుంది? అందుకని గుడ్లు పోగెయ్యాలి, పోగెయ్యాలంటే దాచాలి. కొద్దిగా పెంచుకునే ప్రతివాళ్ళకీ ఇదే తంటా.

పెట్టె కొనకముందు నేను చేసింది అందరూ చేసేదే. అట్ట ట్రేలో పేర్చి అలమరలో పెట్టేవాణ్ణి. గదిలో 29, 30 డిగ్రీలుండేది. పది రోజులు పోగేసి 70 గుడ్లు పెడితే 18 పిల్లలొచ్చాయి. ఆరో రోజు టార్చి వేసి చూస్తే సగానికి పైగా గుడ్లు లోపల ఖాళీగా, ఒట్టి పచ్చసొన నీడతో కనిపించాయి. మా బావ చూసి "మగపిట్టలు పనికిరానివిరా, మార్చెయ్" అన్నాడు. మార్చాను. రెండో బ్యాచ్ కూడా అంతే. "బావా, వచ్చినవన్నీ పనికిరానివే వస్తాయా?" అంటే "అయితే మేతలో ఉంది లోపం" అన్నాడు. మేతా మార్చాను. ఫలితం మారలేదు, ఖర్చు మాత్రం పెరిగింది.

మూడో బ్యాచ్‌కి ఒళ్ళు మండి, ఆరో రోజు ఖాళీగా కనిపించిన గుడ్లలో ఒక పద్నాలుగు తీసి తెల్ల సాసర్‌లో ఒక్కోటీ పగలగొట్టి చూశాను. ఈ పని చేసే దమ్ము చాలామందికి ఉండదు, కంపు కొడుతుందని భయం, కానీ ఆరో రోజుకి ఏమీ కంపు కొట్టదు, కాబట్టి భయపడకుండా చెయ్యండి. పచ్చసొన మీద ఏముందో చూడాలి. మూడింటిలో ఉప్పు రవ్వంత గట్టి తెల్లచుక్క ఉంది, అంచులు గీరుకుపోయినట్టుగా. అవి నిజంగానే మగపిట్ట చెయ్యి పడని గుడ్లు. మిగిలిన పదకొండింటిలో చుక్క కాదు, పాలమీగడ రంగులో పలచగా పరుచుకున్న మచ్చ ఉంది, రెండింటిలో దాని చుట్టూ దారం పోగంత ఎర్రటి వలయం కూడా ఉంది. అంటే అందులో ప్రాణం మొదలైంది, ఒకటి రెండు రోజులు పెరిగింది, ఆగిపోయింది. టార్చి కింద ఈ రెండు రకాలూ ఒకేలా ఖాళీగా కనిపిస్తాయి, పైగా కౌజు గుడ్డు పెంకు మీద గోధుమరంగు మచ్చలుంటాయి కాబట్టి అసలు సరిగా కనపడనే కనపడదు. నేను మార్చిన మగపిట్టలు పాపం ఏ తప్పూ చేయలేదు. గుడ్లు అలమరలో పడున్నప్పుడే దెబ్బతిన్నాయి.

ఎందుకంటే గుడ్డు పిట్ట లోపలి నుంచి బయట పడేసరికే అందులో పిండం మొదలై ఉంటుంది. ఫలదీకరణ జరిగాక గుడ్డు పిట్ట ఒంట్లోనే దాదాపు రోజంతా ఉంటుంది కదా, ఆ వెచ్చదనంలో కణాలు చీలుతూ చీలుతూ, బయటికొచ్చేసరికి వేల సంఖ్యలో ఉంటాయి. బయట చల్లగా తగిలితే అది ఉన్నచోట ఆగి నిద్రపోతుంది. ఆ నిద్రకి హద్దు సుమారు 20, 21 డిగ్రీలు. అంతకన్నా కింద ఉంటే కదలదు. దాని పైన, ఇంక్యుబేటర్ వేడికి కింద, మధ్యలో 28, 30 డిగ్రీల్లో ఉంచామనుకోండి, అటు నిద్రా కాదు ఇటు మెలకువా కాదు. కొంత పెరుగుతుంది, సమానంగా పెరగదు, నీరసించిపోతుంది. అలాంటి గుడ్డుని తర్వాత 37.5 డిగ్రీల్లో పెట్టి ఎంత బుజ్జగించినా లేవదు.

అయితే ఫ్రిజ్‌లో పెడితే పోదా అంటారు. నేనూ అనుకున్నాను. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది మరీ చలి, పిండాన్ని పడుకోబెట్టడం కాదు చంపడం మొదలుపెడుతుంది, రోజులు గడిచేకొద్దీ ఎక్కువ. పైగా మంచు పట్టని రకం ఫ్రిజ్ లోపలి గాలిని ఎండబెట్టేస్తుంది. షాపులో కొన్న ఫ్రిజ్ గుడ్ల నుంచి కూడా పిల్లలొచ్చాయని చెప్పేవాళ్ళున్నారు, అబద్ధం కాదు, వస్తాయి కూడా, కానీ వచ్చినవాళ్ళు చెప్పుకుంటారు, రానివాళ్ళు చెప్పుకోరు కదా. వారం లోపు దాచే కౌజు గుడ్లకి కావలసింది 15 నుంచి 18 డిగ్రీలు, తేమ 70 నుంచి 80 శాతం. ఇల్లు అంత చల్లగా ఉండదు, ఫ్రిజ్ అంత వెచ్చగా ఉండదు. ఈ మధ్య సందులోకే ఈ పెట్టె దూరింది.

సరే, పెట్టె సంగతికి వద్దాం. వచ్చిన రోజే ఖాళీగా ఆన్ చేసి 16కి పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున డిస్‌ప్లే 16 అని మెరుస్తోంది. నా దగ్గరున్న మూడు థర్మామీటర్లు తలా ఒక అరలో పెట్టి చూస్తే పై అరలో 18.5, మధ్యలో 16.5, కింద 15. డిస్‌ప్లే అబద్ధం చెప్పడం లేదు, దాని సెన్సార్ ఎక్కడుందో అక్కడి మాట చెబుతోంది, అంతే. మూడూ ఇంక్యుబేటర్‌లో ఒకే చోట పెట్టి సరిచూసినవే, కాబట్టి థర్మామీటర్ల తేడా కాదు. ఇది పెద్ద లోపమని నేను అనను, తెలుసుకుని వాడుకుంటే ఉపయోగమే: కొత్త గుడ్లు పైన, పాతబడేకొద్దీ కిందకి దించుతాను. రెండు మూడు రోజుల్లో పెట్టేసే గుడ్లకి 18 బాగానే సరిపోతుంది, ఎక్కువ రోజులు ఉండాల్సినవాటికి కాస్త చల్లదనం మంచిది.

కానీ ఎండలు ముదిరాక అసలు రంగు బయటపడింది. ఇందులో కంప్రెసర్ లేదని చెప్పాను కదా, పెల్టియర్ చిప్ అని ఒకటుంటుంది, కరెంటు ప్రవహిస్తే ఒక పక్క చల్లబడి ఇంకో పక్క వేడెక్కే పలక. అది గది వేడికన్నా ఇన్ని డిగ్రీలు తగ్గించగలదు అంతే, దానికంటే తగ్గించలేదు. నా పెట్టె గది వేడికన్నా పద్దెనిమిది డిగ్రీల దాకా తగ్గించగలదు. గది 30 ఉన్నప్పుడు హాయిగా 16 పట్టుకుంది. గది 40 దాటిన మధ్యాహ్నం మధ్య అర 22.5. అంటే నిద్ర హద్దు దాటిపోయింది. ఫ్యాను గొంతు చించుకుని తిరుగుతోంది, డిస్‌ప్లే మాత్రం బుద్ధిమంతుడిలా 22 అని చూపిస్తోంది, అలారం లేదు, ఎర్రలైటు లేదు, ఏమీ లేదు. ఇంటి లోపలి గదికి, కిటికీకి దూరంగా, నేల మీదికి మార్చి, వెనక గోడకి జానెడు ఖాళీ వదిలాక మళ్ళీ 18కి దిగింది. వెనక ఖాళీ వదలమని మాన్యువల్‌లో ఉంది, గాని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. గది బాగా వేడెక్కే ఇళ్ళవాళ్ళు ఈ రకం కొనకండి, కంప్రెసర్ ఉన్నది తీసుకుని అన్నిటికన్నా తక్కువ చల్లబరిచే సెట్టింగులో పెట్టుకోండి, డబ్బులు ఎక్కువైనా పని జరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు రెండు గంటల్లో 16 నుంచి 21కి ఎక్కింది. పెట్టె గోడలు పలచన. లోపల ఖాళీ ఉన్న చోట నీళ్ళ సీసాలు రెండు పెట్టాక ఆ ఎక్కడం బాగా నెమ్మదించింది.

తేమ విషయంలో మాత్రం ఈ పెట్టె ఫెయిల్, నిర్మొహమాటంగా చెబుతున్నా. తేమ చూపించే మీటరే లేదు. పైగా లోపలి చల్లని పలక మీద గాలిలోని తేమంతా నీరై కారి వెనక గొట్టంలోంచి బయటికి పోతుంది, అంటే పెట్టె తనంతట తనే గుడ్లని ఎండబెడుతోంది. కోడిగుడ్డయితే కొంత తట్టుకుంటుంది. కౌజు గుడ్డు పది పన్నెండు గ్రాములు, పెంకు ఒక మిల్లీమీటరులో అయిదో వంతు మందం, బరువుతో పోలిస్తే పెంకు వైశాల్యం చాలా ఎక్కువ, అందుకని నీరు తొందరగా పోగొట్టుకుంటుంది. పిల్ల మొత్తం ఇంక్యుబేషన్‌లో పోగొట్టుకోవలసిన నీటిలో కొంత దాచినప్పుడే పోతే, చివర్లో ఒళ్ళంతా పొరకి అతుక్కుపోయి తిరగలేక పెంకులోనే చనిపోతుంది.

నేను ఒక చిన్న తేమ మీటరు కొని లోపల పెట్టాను. అది 45 శాతం చూపించింది. నిజమో కాదో తెలియాలిగా, దానికో పాత చిట్కా ఉంది. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకు చుక్కలు చుక్కలుగా నీళ్ళు వెయ్యాలి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతని, మీటరుని ఒకే జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి ఎనిమిది పది గంటలు వదిలేయాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. నా మీటరు 68 చూపించింది. అంటే ఏడు తక్కువ చెబుతోంది, పెట్టెలో ఉన్నది 45 కాదు 52. మనకి కావలసిన అంకె కూడా 75 చుట్టుపక్కలే కాబట్టి ఈ చిట్కా ఈ పనికి భలే అతుకుతుంది. తర్వాత వెడల్పాటి ప్లాస్టిక్ మూతలో స్పాంజి తడిపి కింద పెట్టాను, అది 70కి ఎక్కింది. రెండు స్పాంజీలు పెడితే 85 దాటి, పేడ అంటిన ఒక గుడ్డు మీద బూజు వచ్చింది. ఒకటి చాలు. స్పాంజిని రెండు రోజులకోసారి మరిగిన నీళ్ళలో ముంచి తీస్తాను, లేకపోతే బూజు దాంట్లోనే ఇల్లు కడుతుంది.

బూజు అంటే గుర్తొచ్చింది, మురికి గుడ్లని కడగకండి. పెంకు మీద పలచని పొర ఉంటుంది, రంధ్రాల్లోంచి క్రిములు దూరకుండా అదే కాపలా, కడిగితే పోతుంది. కొంచెం అంటుకుని ఉంటే ఎండిన తర్వాత పొడిగుడ్డతో మెల్లగా రాలగొట్టండి, ఎక్కువుంటే ఆ గుడ్డు కూరకి. కౌజులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రం పూట గుడ్లు పెడతాయి, పొద్దున్నే ఏరుకోవచ్చులే అని వదిలేస్తే రాత్రంతా కాళ్ళ కింద, పేడలో, వేడిలో పడుంటాయి. చీకటిపడే వేళ ఒకసారి ఏరితే పెట్టెకి పని సగం తగ్గుతుంది. ఈ అలవాటుకి పైసా ఖర్చు లేదు, నాకైతే పెట్టె కొన్నాక తట్టింది, ఏం చేస్తాం.

ట్రేల గురించి రాయాలంటే చిరాకొస్తుంది. పెట్టెతో వచ్చిన మూడు ట్రేలూ కోడిగుడ్ల గుంటలవే. కౌజు గుడ్డు అందులో పడుకుంటుంది, నిలబడదు, తలుపు తీసి వేసినప్పుడల్లా గలగలమంటాయి, మొదటి వారంలోనే నాలుగు పెంకులు నెర్రెలిచ్చాయి. గాలిగది ఉండే లావు వైపు పైకి, మొన వైపు కిందికి ఉండాలి కదా, అడ్డంగా పడుకుంటే ఆ లెక్కే లేదు. కౌజు గుడ్ల ట్రేలు విడిగా కొని లోపల పేర్చుకున్నాను. తిప్పే మోటారు ఎలాగూ లేదు. వారం లోపయితే తిప్పకపోయినా పెద్ద నష్టం కనిపించలేదు నాకు. అంతకంటే ఎక్కువ రోజులు ఉంచితే పచ్చసొన తేలి పెంకు లోపలి పొరకి అతుక్కునే ప్రమాదం ఉంది, అందుకని ట్రే కింద ఒకవైపు చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచి, రోజూ ఆ చెక్కని రెండో వైపుకి మారుస్తాను. పొద్దున కుడి, మర్నాడు ఎడమ, మర్చిపోకుండా తలుపు మీద గీతలు పెట్టుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం, ఎన్ని రోజులు. పెట్టె సర్దుకున్నాక ఒక పరీక్ష పెట్టుకున్నాను. తెలిసినవాళ్ళ ఇంక్యుబేటర్ ఒకటి అడిగి తెచ్చి, రెండింటిలో కలిపి 96 గుడ్లు ఒకే రోజు పెట్టాను. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో పెట్టిన తేదీ రాశాను (పెన్ను, మార్కరు వద్దు, సిరా లోపలికి దిగుతుంది). నాలుగు గుంపులు, గుంపుకి 24, రెండు మెషీన్లలో సగం సగం. నాలుగు రోజుల లోపు దాచినవాటిలో 19 పిల్లలొచ్చాయి. అయిదు నుంచి ఏడు రోజులవాటిలో 18. ఎనిమిది నుంచి పది రోజులవాటిలో 14. పదకొండు నుంచి పద్నాలుగు రోజులవాటిలో 7. ఇది శాస్త్రం కాదు, నా పది పెట్టల లెక్క, మీ దగ్గర అంకెలు వేరేగా రావచ్చు. కానీ వారం దాకా దాదాపు సమంగా నడిచి, ఆ తర్వాత మెట్లు దిగినట్టు దిగడం మాత్రం హేచరీలవాళ్ళు ఎప్పటినుంచో చెప్పే మాటే, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

పద్నాలుగు రోజుల గుంపులో పుట్టని పదిహేడు గుడ్లని కూడా పగలగొట్టాను. ఎక్కువ భాగం మొదటి మూడు రోజుల్లోనే ఆగిపోయినవి, ఆ మీగడ మచ్చవే. మూడు మాత్రం పూర్తిగా తయారై, ఈకలతో సహా, పెంకు చిట్లించలేక పోయినవి. అవి చూస్తే నిజంగా మనసు కలుక్కుమంది, బొటనవేలంత ఉంటుంది పిల్ల.

పాత గుడ్లలో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే 21 రోజుల మాట ఎందుకు ఉత్తదో అర్థమవుతుంది. కొత్త గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. పెంకు రంధ్రాల్లోంచి అది మెల్లగా బయటికి పోతుంది, పోయేకొద్దీ తెల్లసొన క్షారంగా మారుతుంది, 7.6 దగ్గరుండే పీహెచ్ కొద్ది రోజుల్లోనే 9 దాటుతుంది. చిక్కటి తెల్లసొన నీళ్ళలా అయిపోతుంది. కొత్త గుడ్డు సాసర్‌లో కొడితే పచ్చసొన గోపురంలా నిలబడి, చుట్టూ తెల్లసొన జెల్లీలా పట్టుకుని ఉంటుంది. పద్నాలుగు రోజులది కొడితే సాసరంతా పాకింది, పచ్చసొన అప్పడంలా చదునై, సాసర్ వంచగానే దాని పొర చిరిగింది. ఆ పొర మీదే కదా పిండం కూర్చునేది. దీనికితోడు నిద్రలో ఉన్నా కణాలు ఎంతోకొంత చనిపోతూనే ఉంటాయి. చల్లదనం ఇవన్నీ నెమ్మదిగా జరిగేలా చేస్తుంది, ఆపదు. ఏ పెట్టె అయినా అంతే. ఎక్కువ రోజులు తప్పనిసరయితే 12 నుంచి 14 డిగ్రీలకి దించి, ట్రేలని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే నీరు, వాయువు పోవడం తగ్గుతుంది, కొంత లాభం ఉంటుంది. పెద్ద హేచరీల్లో దాచిన కోడిగుడ్లని మధ్యలో ఒకసారి కొన్ని గంటలు పొదిగే వేడికి తెచ్చి మళ్ళీ చల్లబరిచే పద్ధతి కూడా ఉంది, అది పిండానికి కాస్త ఊపిరిస్తుంది. కానీ అది గంటలు, డిగ్రీలు లెక్కపెట్టి చేసే పని, మూడు అరల్లో మూడున్నర డిగ్రీలు తేడా ఉన్న ఈ పెట్టెతో మనం చేసేది కాదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. దాచిన గుడ్లు ఆలస్యంగా పుడతాయి. కోడిగుడ్ల విషయంలో దాచిన ఒక్కో రోజుకి సుమారు ఒక గంట ఆలస్యం అని లెక్క వేసుకుంటారు. నా పరీక్షలో కొత్త గుడ్ల పిల్లలు పదిహేడో రోజు మధ్యాహ్నానికి ఆరిపోయి తిరుగుతున్నాయి, పాత గుంపు ఆ రాత్రి గాని పెంకు చిట్లించడం మొదలుపెట్టలేదు. మొదటి పిల్లల్ని తీద్దామని నేను మూత తీశాను, తేమ ఒక్కసారిగా పడిపోయింది, ఆ మూడు పిల్లలు పెంకులో పోవడంలో నా చెయ్యి కూడా ఉందేమోనని ఇప్పటికీ అనుమానమే. పుట్టిన పిల్ల ఒక రోజు మేత నీళ్ళు లేకున్నా తట్టుకుంటుంది, లోపలికి పీల్చుకున్న పచ్చసొన దాని తిండి, కాబట్టి తొందరపడి మూత తీయకండి. ఇప్పుడు నేను పాత గుడ్లని సాయంత్రం పెట్టి, కొత్తవాటిని మర్నాడు పొద్దున పెడుతున్నాను. అందరూ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తున్నారు.

పెట్టెలోంచి తీసిన గుడ్డుని నేరుగా ఇంక్యుబేటర్‌లో పెట్టడం కూడా తప్పే. మొదటిసారి అలాగే చేశాను. చల్లటి గుడ్డు మీద వేడి గాలి తగలగానే చల్లని సీసాకి పట్టినట్టు చెమట పట్టింది. ఆ నీటితోపాటు పెంకు మీది క్రిములు రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తాయి, ఆ బ్యాచ్‌లో రెండు గుడ్లు మురిగి ఒకటి లోపలే ఫట్‌మని పేలింది. ఆ వాసన గురించి వర్ణించను. గదిలో ఫ్యాను గాలి తగలని చోట ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి, గది వేడికి వచ్చాక పెట్టండి. గది మరీ వేడిగా, ఉక్కగా ఉంటే అక్కడ కూడా చెమట పడుతుంది, అప్పుడు పెట్టెనే ముందు రాత్రి 20కి పెంచి, తెల్లారాక తీయండి. రోజుకి నాలుగుసార్లు తలుపు తీసి మురిసిపోవడం కూడా ఇదే కథ, తీసిన ప్రతిసారీ గుడ్లు చెమర్చుతాయి. నేను రోజుకి ఒక్కసారి, సాయంత్రం గుడ్లు పెట్టేటప్పుడే తీస్తాను.

మిగతా చిన్నాచితకా: శబ్దం తక్కువ, పడకగదిలో పెట్టినా నిద్ర చెడదు. లోపలి లైటు పనికిమాలినది, ఆఫ్ చేసుకోవచ్చు. తలుపు రబ్బరు అయిదో నెలలో ఒక మూల ఊడింది, నేనే అతికించుకున్నాను.

రోజుకి ఇరవై ముప్ఫై గుడ్లు వచ్చేవాళ్ళకి, అంటే మూడు రోజుల్లో మెషీన్ నిండేవాళ్ళకి, ఇది అక్కర్లేదు. ఇంట్లో 20 డిగ్రీల లోపు ఉండే మూల ఏదైనా ఉన్నా అక్కర్లేదు, తడి గుడ్డ కప్పిన బుట్ట చాలు. నాలాగా పది పెట్టలు, వేడి గది, పెద్ద ఇంక్యుబేటర్ ఉన్నవాళ్ళకి మాత్రం పనికొస్తుంది, తేమ మీటరు, కౌజు ట్రేలు, స్పాంజి విడిగా కొనుక్కోవాలని ముందే లెక్కలో వేసుకోండి. నేనిప్పుడు మెషీన్ నిండేదాకా ఆగడం మానేశాను. ఏడో రోజుకి ఎన్ని ఉంటే అన్నే పెడుతున్నాను, 50 అయినా సరే. పోయిన నాలుగు బ్యాచ్‌లలో మూడొంతులకి తక్కువ ఎప్పుడూ రాలేదు.

అయిదుకి మూడున్నర మార్కులు. ఒక మార్కు తేమకి తీసేశాను, అర మార్కు ట్రేలకి. 21 రోజుల మాటకి తీయాలంటే మార్కులు సరిపోవు. ఆ మాట డబ్బా మీంచి తీసేయండి, కనీసం కౌజు గుడ్లకి వారమే అని రాయండి అని నా లెక్కలన్నీ పెట్టి, సాసర్ ఫోటోలతో సహా అమ్మినవాళ్ళకి మెయిల్ పంపాను. మూడు వారాల తర్వాత జవాబొచ్చింది: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, ఇంకో పెట్టె కొంటే తగ్గింపు కూపన్ ఇదిగో, 21 రోజుల్లోగా వాడుకోండి అని.